మీ ప్రశ్నలు, మా జవాబులు: ఎండ మండుతున్నా ఇంట్లో కరెంటు లేదేం?

ప్రశ్న: డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. మొన్న మిట్టమధ్యాహ్నం ఊళ్లో కరెంటు పోతే మా ఇంట్లోనూ పోయింది. పైన ఎండ మండిపోతోంది, కింద ఫ్యాను తిరగదు. పెట్టినవాళ్లు మోసం చేశారా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మోసం కాదండీ, కాకపోతే అడ్వాన్సు తీసుకునే ముందే ఈ ముక్క మీకు చెప్పాల్సింది. మీది ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు. అది బయటి లైన్లో ఉన్న వోల్టేజీని, ఫ్రీక్వెన్సీని చూసుకుంటూ దాంతో జత కలిసి కరెంటు ఇస్తుంది, లైన్లో సరఫరా పోతే వెంటనే ఆగిపోతుంది, ఆగిపోవాలి కూడా. లేకపోతే మీ డాబా మీది కరెంటు వీధి లైన్లోకి ఎక్కి, సరఫరా ఆపేశారు కదా అని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికి తెస్తుంది.

కరెంటు పోయినా సోలార్ నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, దానికి బ్యాటరీలు కావాలి. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీలు నాలుగు పెడితే కాగితం మీద 7.2 యూనిట్లు. కానీ రోజూ సగానికి మించి లాగేస్తే అవి త్వరగా పాడవుతాయి కాబట్టి చేతికొచ్చేది మూడున్నర యూనిట్లే అనుకోండి. ఒకటిన్నర టన్ను ఏసీ రెండు మూడు గంటల్లో మింగేస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతం పైగా వాడుకోవచ్చు, ధర మాత్రం ఎక్కువ. మీ దగ్గర కరెంటు పోయేది అరగంటో గంటో అయితే నన్నడిగితే ఇదంతా దండగ ఖర్చు. ఫ్యాన్లకి, లైట్లకి మామూలు ఇంటి ఇన్వర్టరు చాలు.

ప్రశ్న: వచ్చే వారం మా ఇంటికి సోలార్ సామాను వస్తోంది. ఎవర్ని అడిగినా ప్లేట్ల గురించే చెబుతున్నారు. మిగతా సామానులో ఏం చూడాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అడగాల్సిన ప్రశ్న అడిగారు. ప్లేట్ల గురించి మరీ టెన్షన్ పడకండి, పీఎం సూర్యఘర్ సబ్సిడీ (3 కిలోవాట్లకు 78,000 రూపాయలు) కావాలంటే ప్లేట్లు, వాటిలోని సెల్స్ రెండూ మన దేశంలో తయారైనవే అయ్యుండాలి, ఆ ఒక్కటీ బిల్లులో చూసుకోండి. ఇబ్బంది వచ్చేది ఎక్కువగా వైర్లు, డబ్బాల దగ్గరే.

550 వాట్ల ప్లేటు లోడు లేనప్పుడు సుమారు 50 వోల్టులు ఇస్తుంది. ఆరు ప్లేట్లు వరసగా కలిపితే 300 వోల్టుల డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు. మనింటికి లైన్లో వచ్చే ఏసీ (అటూ ఇటూ దిశ మారే) కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకి దిగుతుంది కాబట్టి స్విచ్ తీసినప్పుడు లేచిన నిప్పురవ్వ తనంతట తనే ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు. రవ్వ లేచిందంటే రెండు కొసల మధ్య మండుతూనే ఉంటుంది, ప్లాస్టిక్‌ని కరిగించేస్తుంది. అందుకే డీసీ డబ్బా మూత తీయించి లోపలి ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తనే పడిపోయే స్విచ్) మీద డీసీ అని, మీ వరస వోల్టేజీకి సరిపడా అంకె కూడా రాసుందో లేదో మీరే చూడండి. షాపులో దొరికే మామూలు ఇంటి ఎంసీబీ పెట్టి సర్దేసేవాళ్లు ఉన్నారు.

తర్వాత ప్లేట్ల వెనక వైర్లను కలిపే నల్లటి ఎంసీ4 కనెక్టర్లు. నొక్కితే టక్కుమని చప్పుడు రావాలి, రెండు ముక్కలూ ఒకే కంపెనీవి కావాలి. వేర్వేరువి కూడా ఒకదాంట్లో ఒకటి దూరతాయి, ఆ రోజు పనిచేస్తాయి కూడా, కానీ లోపల సరిగ్గా పట్టక కాలం గడిచేకొద్దీ వేడెక్కుతాయి. ఎండలో ప్లేట్లు పనిచేస్తుండగా వాటిని మాత్రం లాగకండి, ముందు ఇన్వర్టరు, డీసీ స్విచ్ ఆపాలి. ఎర్త్ గుంతలు మూడు: పిడుగు కడ్డీకి, డీసీ వైపుకి, ఏసీ వైపుకి. ఒక్కటే తవ్వి మూడూ దానికే కడతామంటే ఒప్పుకోవద్దు. నీళ్ల ట్యాంకు నీడ ఒక్క ప్లేటు మీద పడినా వరస మొత్తం ఉత్పత్తి తగ్గొచ్చు, కాబట్టి ఉదయం, సాయంత్రం నీడ ఎటు పడుతోందో చూసి మరీ చోటు చెప్పండి.

ప్రశ్న: హైబ్రిడ్ అణువిద్యుత్ వస్తే ప్రమాదమే ఉండదంటున్నారు. మా దగ్గర కొవ్వాడలో కట్టబోయేది అదేనా?
– ఒక పాఠకుడు, రణస్థలం

జవాబు: కాదండీ. కొవ్వాడకి ప్రతిపాదించినవి ఒక్కోటి 1,208 మెగావాట్ల ఏపీ1000 అనే రకం రియాక్టర్లు ఆరు, యురేనియంతో నడిచేవే. మీరు విన్న హైబ్రిడ్‌లో మధ్యన సంలీన (ఫ్యూజన్) యంత్రం, అంటే తేలిక పరమాణువుల కేంద్రకాలను కలిపేది, దాని చుట్టూ యురేనియం లేదా థోరియం పొర ఉంటాయి. హైడ్రోజన్ రకాలు కలిసినప్పుడు వచ్చే న్యూట్రాన్లకు 14.1 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది, అవి సహజ యురేనియంలో 99 శాతానికి పైగా ఉన్న, మామూలు రియాక్టర్లలో అంతగా చీలని యురేనియం-238ని కూడా చీల్చగలవు. బయటి పొర తనంతట తను గొలుసు చర్య నడుపుకోలేదు. తిత్తి ఊదినంతసేపే మండే కొలిమి లాంటిదన్నమాట, మధ్య యంత్రం ఆపితే చర్య ఆగుతుంది.

కానీ కొలిమి బొగ్గులు వెంటనే చల్లారవు కదా. మామూలు రియాక్టరునే తీసుకుంటే, ఆపిన క్షణంలో కూడా దాని ఉష్ణశక్తిలో ఆరేడు శాతం లోపల పుడుతూనే ఉంటుంది. 2011లో ఫుకుషిమాలో భూకంపం రాగానే రియాక్టర్లు ఆగాయి, సునామీ వచ్చి చల్లబరిచే ఏర్పాటు పోవడంతో ఆ మిగులు వేడే కొంప ముంచింది. హైబ్రిడ్‌కీ ఆ వేడి తప్పదు. సోవియట్ భౌతిక శాస్త్రవేత్త సఖరోవ్ 1950లలోనే ఈ దారి చూపాడు, అమెరికా భౌతిక శాస్త్రవేత్త హాన్స్ బేథే 1979లో గట్టిగా సమర్థించాడు, అయినా ఇంతవరకూ ఇళ్లకు కరెంటిచ్చే హైబ్రిడ్ ఒక్కటీ లేదు. ప్రమాదమే ఉండదు అనేవాళ్ల మాట నమ్మకండి.

ప్రశ్న: అణువిద్యుత్‌నీ సోలార్‌నీ కలపొచ్చా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: కలపొచ్చు. చిక్కల్లా అణు కేంద్రం ఒకే జోరులో నడవడం, సోలార్ సాయంత్రానికి పడిపోవడం. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం కెమరర్ దగ్గర టెర్రాపవర్ కంపెనీ కడుతున్న 345 మెగావాట్ల నాట్రియం రియాక్టరు వేడిని కరిగిన ఉప్పులో దాచి, అవసరమైనప్పుడు అయిదు గంటలకు పైగా 500 మెగావాట్లు ఇచ్చేలా రూపొందించారు. ఉప్పు ట్యాంకు ఉపాయం సోలార్ వాళ్లదే, స్పెయిన్‌లో గెమాసోలార్ కేంద్రం 2011 నుంచే ఎండ వేడిని అలా దాచి రాత్రిపూట కరెంటు చేస్తోంది.

ప్రశ్న: ప్లేట్లు బోరు నీళ్లతో కడగొచ్చా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఉప్పు నీళ్లయితే వద్దు, ఆరాక తెల్లటి చారలు పడతాయి. వాన నీళ్లో మంచి నీళ్లో వాడి, తెల్లవారుజామున అద్దం చల్లగా ఉన్నప్పుడు మెత్తటి గుడ్డతో తుడవండి, సబ్బు పొడి వద్దు.