టెక్ సందేహాలు: దిగగానే తగ్గిన ఆయిల్ తెల్లారేసరికి ఎలా పెరిగింది?

సందేహం: బేగంపేటలో ఫ్లయింగ్ నేర్చుకుంటున్నాను. మా సెస్నా 172ఎస్ విమానంలో పొద్దున డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ కొలిచే కడ్డీ) 7 క్వార్ట్‌లు (క్వార్ట్ అంటే లీటరుకు కాస్త తక్కువ) చూపింది. గంటసేపు ఎగిరి, దిగగానే చూస్తే 6 దగ్గరే ఉంది. టెన్షన్‌తో ఒక క్వార్ట్ పోశాం. మర్నాడు చూస్తే దాదాపు 8! ఆ రోజు ఎగిరొచ్చాక విమానం పొట్ట కింద జిడ్డు చారలు కనిపించాయి. డిప్‌స్టిక్ పాడైందా? దీనికి సెన్సరో, యాపో ఏమైనా ఉందా?
– ట్రైనీ పైలట్, సికింద్రాబాద్

జవాబు: డిప్‌స్టిక్ బాగానే ఉందండీ. మీరు తొందరపడి కొలిచారు. ఇంజిన్ అడుగున సంప్‌లో, అంటే ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆ క్షణానికి ఎంత ఆయిల్ ఉందో అంతవరకే అది చెప్పగలదు. ఇంజిన్ ఆపిన వెంటనే బోలెడంత ఆయిల్ పైన రాకర్ బాక్సుల్లో (వాల్వులను కదిపే భాగాలుండే డబ్బాలు), లోపలి గోడల మీద, సన్నని దారుల్లో ఉండిపోతుంది. అది కిందికి జారడానికి టైమ్ పడుతుంది. కనీసం అరగంట ఆగి చూడండి. అన్నిటికన్నా నమ్మదగినది పొద్దున్నే, చల్లటి ఇంజిన్ మీద, సమతలంగా ఉన్న నేల మీద తీసే కొలత.

డిప్‌స్టిక్‌ను ఒకసారి బయటికి తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. ఆయిల్ కొత్తగా మార్చి ఉంటే తేనె రంగులో పలచగా మెరుస్తుంది, గీత ఎక్కడుందో ఓ పట్టాన కనపడదు. కడ్డీని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని రెండు వైపులా చూడండి. మూతను చేత్తో బిగిస్తే చాలు. గట్టిగా తిప్పేస్తే వేడికి బిగుసుకుపోయి తర్వాత ఊడిరాదు.

ఇక ఆ జిడ్డు సంగతి. 172ఎస్ సంప్‌లో 8 క్వార్ట్‌లు పడతాయి, 5 కన్నా తక్కువుంటే ఎగరకూడదు. అయితే నిండుగా పోస్తే పైనున్న కాస్తా చాలాసార్లు బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే దారి) గుండా బయటికి పోయి పొట్టకు అంటుకుంటుంది. అందుకే చాలామంది మామూలు ట్రైనింగ్‌కు 6, 7 మధ్య ఉంచుతారు. మీ స్కూల్ పద్ధతేమిటో ఇన్‌స్ట్రక్టర్‌ను అడగండి. ఆయిల్ తగ్గించాక కూడా చారలు వస్తుంటే మాత్రం లీకేజీ ఉందేమో ఇంజినీర్‌కు చూపించాలి.

సెన్సర్ కోసం వెతకక్కర్లేదు. కాక్‌పిట్‌లోని ఆయిల్ ప్రెషర్ గేజ్‌ను కూడా ఈ విషయంలో నమ్ముకోకండి. పంపుకు పీల్చడానికి ఆయిల్ అందుతున్నంతసేపు ప్రెషర్ మామూలుగానే ఉంటుంది, అది పడిపోయేసరికి ఆలస్యమైపోతుంది. ఫోన్‌లో ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. తేదీ, ట్యాక్ గంటలు (ఇంజిన్ మీటర్ చూపే నడిచిన గంటలు), పొద్దున కొలత, పోసిన ఆయిల్: ఈ నాలుగు గడులు చాలు. పది గంటలకు ఒక క్వార్ట్ తాగే ఇంజిన్ ఉన్నట్టుండి నాలుగు గంటలకే అడిగితే అక్కడ ఇట్టే తెలిసిపోతుంది. నా దృష్టిలో ఏ ఖరీదైన గ్యాడ్జెట్ కన్నా ఈ షీటే మేలు.

సందేహం: రోటాక్స్ 912 ఇంజిన్ ఉన్న మైక్రోలైట్‌లో (చిన్న తేలికపాటి విమానం) డిప్‌స్టిక్ పొడిగా వచ్చింది. ఆయిల్ పోసేయాలా?

జవాబు: అప్పుడే పోయకండి! ఇందులో ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది. విమానం నిలిపి ఉంచినప్పుడు కొంత ఇంజిన్‌లోకి దిగిపోతుంది. ఇగ్నిషన్ స్విచ్‌లు రెండూ ఆఫ్‌లో ఉన్నాయని చూసుకుని, ట్యాంకు మూత తీసి, ప్రొపెల్లర్‌ను అది తిరిగే దిశలోనే చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఇంజిన్‌లోకి దిగిన ఆయిల్ తిరిగి ట్యాంకుకు చేరి గుడగుడమని శబ్దం వచ్చాక కొలవండి. వెనక్కి మాత్రం ఎప్పుడూ తిప్పొద్దు, ఆయిల్ దారుల్లోకి గాలి చేరుతుంది. కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య తేడా 0.45 లీటరే కాబట్టి తొందరపడి పోస్తే ఇట్టే ఎక్కువైపోతుంది.

సందేహం: సెస్నాలో కారు ఆయిల్ పోయొచ్చా?

జవాబు: వద్దు. కారు ఆయిల్‌లోని లోహపు రసాయనాలు కాలి సిలిండర్‌లో బూడిదగా పేరుకుంటాయి. అది కణకణలాడి ఇంధనాన్ని ముందే అంటించేస్తే పిస్టన్ దెబ్బతింటుంది. మాన్యువల్‌లో రాసిన విమాన ఆయిలే వాడండి.