చెయ్యి పెట్టగానే దొరకాలి

ఖమ్మం – సత్తుపల్లి రూటులో పల్లెవెలుగు బస్సు కండక్టరుగా చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. వైరా, తల్లాడ, కల్లూరు... ఏ స్టేజీలో ఎక్కినవాళ్లయినా సంచుల్లో, జేబుల్లో, కొంగుముడిలో ఎలా వెతుక్కుంటారో దగ్గర నిలబడి చూశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు, బయటికి వెళ్లేటప్పుడు వస్తువులు ఎలా పెట్టుకోవాలన్న దాని గురించే. అన్నిటికీ చోటు లేదు కాబట్టి కొన్నిటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: జనగామ దగ్గర పల్లెలో అంగన్‌వాడీ టీచర్‌ని. రోజూ రెండు బస్సులు మారాలి. జీరో టికెట్ (ఆడవాళ్లకి ఇచ్చే ఉచిత టికెట్) కోసం కండక్టర్ ఆధార్ అడిగేసరికి అది సంచి అడుగున ఉంటుంది. రిజిస్టర్, టిఫిన్ డబ్బా, గొడుగు అన్నీ బయటికి తీయాలి. పక్కవాళ్లు విసుక్కుంటున్నారు. ఎక్కువ అరలున్న సంచి కొనమంటారా?

జవాబు: ఇప్పుడే కొనకండమ్మా. అరలు పెరిగితే వెతకాల్సిన చోట్లు కూడా పెరుగుతాయి. ఆదివారం తీరిగ్గా ఒక పాత చీర పరిచి, సంచి మొత్తం దాని మీద బోర్లించండి.

మామూలుగా అందరం ఒక రకం వస్తువులన్నీ ఒకచోట పెడతాం. కార్డులన్నీ పర్సులో, కాగితాలన్నీ ఒక కవర్లో. ఇంట్లో బీరువాకి ఆ పద్ధతి బాగుంటుంది. బయట తిరిగేవాళ్లకి కుదరదు. ఆ వస్తువు ఏదన్నది కాదు, దాన్ని ఎక్కడ, ఎలా ఉన్నప్పుడు తీస్తారన్నది చూసుకోవాలి. నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని తీయాల్సినవి ఒక కుప్ప. మీ సెంటర్‌కి వెళ్లి కూర్చున్నాక తీసేవి ఇంకో కుప్ప. ఎప్పుడో అవసరపడేవి మూడో కుప్ప. మొదటి కుప్పలో ఆధార్, కాస్త చిల్లర, ఫోన్ తప్ప ఇంకేమీ ఉండదు, చూడండి. ఆ మూడింటికీ బయట జిప్పు అర ఇచ్చెయ్యండి. సంచి భుజాన వేసుకున్నప్పుడు ఆ అర మీ ఒంటివైపు ఉండాలి, రోడ్డువైపు కాదు. ఇంకే వస్తువునీ అందులోకి రానివ్వకండి. తాళంచెవి ఒక్కటే కదా అని వేస్తే, నెల తిరిగేసరికి ఆ అర కూడా మళ్లీ నిండిపోతుంది.

మా ఉద్యోగంలో ఇది మొదటివారంలోనే నేర్చుకోవాల్సిన విద్య. టికెట్ కొట్టే టిమ్ మిషన్లు రాకముందు ఒక చేతిలో టికెట్ల కట్టలు, భుజాన తోలు సంచి. నోట్లని పొడవుగా మధ్యకి మడిచి ఎడమచేతి వేళ్ల సందుల్లో ఇరికించుకునేవాళ్లం. చూపుడువేలు, మధ్యవేలు నడుమ పదులు, ఆ పక్క సందులో ఇరవైలు, చిటికెన వేలి దగ్గర యాభైలు. వంద వచ్చిందంటే వెంటనే సంచి లోపలి అరలోకి. నాణేలు ముందు అరలో విడిగా. బస్సు గతుకుల్లో ఊగుతున్నా, కళ్లు ఎక్కే జనం మీద ఉన్నా, వేళ్లు ఆ నోటునే లాగేవి. ఏది ఏ సందులో ఉండాలో రోజూ మారకపోవడమే అందులో కిటుకు. మీరూ అంతే. వారం రోజులు ఆధార్‌ని ఒకే చోట నుంచి తీసి, చూపించి, పర్సులో కాకుండా మళ్లీ అక్కడే పెట్టండి. రెండోవారం చూడకుండానే చెయ్యి అటు పోతుంది.

ఇంకో మాట. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకి ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం మొదలైన దగ్గర నుంచి చాలామంది ఫోన్లో ఫోటో చూపిస్తున్నారు, జిరాక్స్ తెస్తున్నారు. అవి చెల్లవు, ఒరిజినల్ కార్డే చూపించాలి. ఆధారే కానక్కర్లేదు, తెలంగాణ అడ్రసున్న ఓటరు కార్డయినా సరిపోతుంది. కాబట్టి ఓటరు కార్డుంటే ఆ బయటి అరలో ఆధార్‌కి బదులు దాన్నే పెట్టుకుని, ఆధార్ ఇంట్లో ఉంచండి. పోతే రెండూ ఒకేసారి పోకూడదు.

రిజిస్టర్‌కి గట్టి ప్లాస్టిక్ ఫోల్డర్ తీసుకుని సంచిలో వెన్నువైపు నిలబెట్టండి. సంచి ముడుచుకుపోకుండా అదే ఆపుతుంది. డబ్బా అడుగున. గొడుగు సంచిలో వద్దు, తడిగొడుగు రిజిస్టర్‌ని పాడుచేస్తుంది. సంచి పక్కన గుడ్డతో ఒక కొక్కెం కుట్టించుకుని తగిలించండి. సెంటర్ డబ్బు ఏదైనా చేతికొస్తే సొంత డబ్బులో కలపొద్దు. మేము డ్యూటీ ఎక్కేముందు మా సొంత డబ్బు ఎంతుందో కాగితం మీద రాయాల్సిందే. మధ్యలో చెకింగ్ వాళ్లు ఎక్కి సంచి లెక్కపెడితే ఏది ఎవరిదో తేలాలి కదా. మీకు చెకింగ్ లేకపోవచ్చు, లెక్క తేలకపోతే వచ్చే టెన్షన్ మాత్రం ఒకటే.

ప్రశ్న: గుంటూరులో మెడికల్ రెప్‌ని. రోజంతా బైక్ మీదే. వెనక జేబులో పర్సు లావుగా ఉంటుంది. కొన్నాళ్లుగా కుడి తొడ వెనక లాగుతోంది. పర్సే కారణమని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమా?

జవాబు: కావచ్చు తమ్ముడూ. లావుపాటి పర్సు మీద గంటల తరబడి కూర్చుంటే ఒకవైపు నడుం ఎత్తుగా ఉంటుంది, పిరుదుల్లోంచి కాలికి దిగే నరం మీద ఒత్తిడి పడుతుంది. డాక్టర్లు గుర్తించిన బాధే ఇది. మా డ్రైవర్లలో అనుభవమున్నవాళ్లు సీటెక్కే ముందు పర్సు తీసి పక్కన పెట్టేసేవారు. ఇవాళ్టి నుంచే వెనక జేబు ఖాళీ చేయండి. రెండు మూడు వారాల్లో తగ్గకపోయినా, తిమ్మిరి ఎక్కుతున్నా డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఆలస్యం చేయకండి.

ఇక పర్సు. అందులో సగం పాత పెట్రోలు బిల్లులూ ఏటీఎం స్లిప్పులే ఉంటాయని పందెం కాస్తాను. కంపెనీకి పెట్టాల్సిన బిల్లుల్ని ఏ రోజువి ఆ రోజు రాత్రి ఫోటో తీసి, కాగితాలు ఇంట్లో కవర్లో వేయండి. ఆ కాగితం మీద అక్షరాలు ఎండకీ చెమటకీ ఎలాగూ చెరిగిపోతాయి. లైసెన్స్, ఆర్సీ ఫోన్లో ప్రభుత్వ యాప్ డిజిలాకర్లోకి ఎక్కించుకోండి. డిజిలాకర్లోవి, ఎంపరివాహన్‌లోవి ఒరిజినల్‌తో సమానంగా ఒప్పుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2018లోనే రాష్ట్రాలకి చెప్పింది. మామూలుగా తీసిన ఫోటోకి ఆ విలువ లేదు, ఈ తేడా గుర్తుంచుకోండి.

బ్యాంకు కార్డులు రెండు చాలు. ఒకటి జేబులో, ఇంకోటి ఇంట్లో. మిషన్‌కి ఆనించి చెల్లించే కార్డుకి 5,000 రూపాయల దాకా పిన్ అడగదు. అలాంటిది పర్సుతో పాటు పోతే వెంటనే బ్లాక్ చేయించాలి. బ్యాంకు నంబరు పోయిన పర్సులోనో ఫోన్‌లోనో ఉండి లాభం లేదు, ఇంట్లో క్యాలెండర్ వెనక రాసిపెట్టండి.

సన్నటి పర్సు ప్యాంటు ఎడమ ముందు జేబులో, ఫోన్ కుడిజేబులో. తాళాలు ఫోన్‌తో కలవకూడదు, స్క్రీన్ మీద గీతలు పడతాయి. బైక్ తాళం, ఇంటి తాళం ఒకే రింగుకి కట్టొద్దు. బైక్ మెకానిక్ దగ్గర వదిలినప్పుడు ఇంటి తాళం కూడా అతని చేతిలో పెట్టి వచ్చేవాళ్లు ఎందరో.

ప్రశ్న: హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. నా కుర్తీలకి జేబుల్లేవు. ఫోన్ చేతిలో పట్టుకోవాలి, లేదా బ్యాక్‌ప్యాక్‌లో వేయాలి. రద్దీ బస్సులో రెండూ భయమే.

జవాబు: నీ భయం సరైనదే తల్లీ. ఆడపిల్లల బట్టలకి జేబు పెట్టకపోవడం నాకు ఎప్పటి నుంచో కోపం. ఫోన్, డబ్బు, కార్డు మగపిల్లాడికి ఎంత అవసరమో నీకూ అంతే. మా ఖాకీ చొక్కాకి జేబులుండేవి, వాటి విలువ నాకు తెలుసు.

కుర్తీ పక్క కుట్టు విప్పించి లోపలికి జేబు వేయించుకో. టైలర్‌తో ఊరికే జేబు అంటే చిన్నది పెడతారు. నీ ఫోన్ పట్టుకెళ్లి చూపించు. ఫోన్ అడ్డంగా తిరగనంత వెడల్పు, దాని పైన నాలుగు వేళ్లు మిగిలేంత లోతు ఉండాలి. కుర్తీ బట్ట పల్చనైతే జేబుకి పాప్లిన్ వాడమను, లేకపోతే బరువుకి కుట్టు దగ్గర చిరుగుతుంది. నోటి దగ్గర ఒక ప్రెస్ బటన్ పెట్టించు. పక్క చీలిక ఎంతదాకా ఉందో చూసుకుని జేబు దానికి పైన వచ్చేలా చెప్పు.

జేబుదొంగలు ఎక్కడ చెయ్యి వేస్తారో చెబుతాను. సీట్లో కూర్చున్నప్పుడు అరుదు. బస్సు ఆగీ ఆగకముందే అందరూ మెట్ల దగ్గర తోసుకుంటారు చూడు, అప్పుడు. నీ ధ్యాసంతా కాలు ఎక్కడ పెట్టాలా అని ఉంటుంది, వెనక బ్యాగు మీద ఉండదు. అందుకని ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు బ్యాక్‌ప్యాక్ ముందుకి తిప్పుకుని, జిప్పు కొక్కేలు రెండూ ఒక పక్కకి తెచ్చి పిడికిట్లో పట్టుకో. కాల్ వచ్చినా సరే, మెట్ల మీద ఫోన్ తీయకు. ఎక్కాక చూసుకోవచ్చు.

ఇవాళే *#06# కొట్టు. వచ్చే ఐఎంఇఐ నంబరు (ఫోన్ గుర్తింపు సంఖ్య) నోటుపుస్తకంలో రాసుకుని అమ్మకి కూడా పంపు. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు తర్వాత, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్లో ఆ నంబరు ఇచ్చి ఫోన్‌ని మన దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా బ్లాక్ చేయించవచ్చు. సిమ్ బ్లాక్ చేయించు, బ్యాంకుకి చెప్పు. ఖాతాలోంచి డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం లేకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఫోన్ కవర్ వెనక ఏటీఎం కార్డు పెట్టే అలవాటు చాలామంది పిల్లల్లో చూశాను. నీకుంటే ఈ ఉత్తరం చదవగానే తీసెయ్యి.

ప్రశ్న: రాజమండ్రిలో రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ని. షుగరు, బీపీ ఉన్నాయి. మాత్రలు ఒక్కొక్కటి కత్తిరించి చొక్కా జేబులో వేసుకుంటాను. ఏది దేనికో ఒక్కోసారి తెలియడం లేదు.

జవాబు: నమస్కారం మాస్టారూ. మాత్రలు విడివిడిగా కత్తిరించకండి దయచేసి. చాలా షీట్ల మీద గడువు తేదీ ఒక చివర్నే ఉంటుంది, పేరు ప్రతి మాత్ర వెనకా పూర్తిగా ఉండదు. మీరు ఆ చివర నుంచి మొదలుపెడితే మిగిలినవి ఏ మందో, గడువెప్పుడో తెలియని మాత్రలవుతాయి. వాడటం రెండో చివర నుంచి మొదలుపెట్టి, తేదీ ఉన్న ముక్క ఆఖరిదాకా ఉంచండి. బయటికి వెళ్లేటప్పుడు ఆ పూటకి కావలసిన షీటు మొత్తం చిన్న జిప్పు పర్సులో పెట్టుకోండి. చొక్కా జేబు చెమటకి తడుస్తుంది, వంగినప్పుడు మాత్రలు జారిపోతాయి.

చొక్కా జేబులో ఉండాల్సినవి వేరే. నాలుగు పంచదార బిళ్లలో, గ్లూకోజ్ ప్యాకెట్టో. షుగరు పడిపోయి చేతులు వణుకుతున్నప్పుడు సంచి జిప్పు తీయడం కూడా కష్టమవుతుంది, అందుకే అవి అన్నిటికంటే పైన ఉండాలి. మా బస్సులో ఒక పెద్దాయనకి అలాగే చెమటలు పట్టి మాట తడబడితే, పక్కసీటావిడ ఆయన జేబులో చెయ్యి పెట్టి చక్కెర పొట్లం తీసి నోట్లో వేసింది. పావుగంటలో తేరుకున్నారు. జేబులో ఉండబట్టి సరిపోయింది.

ఆ జేబులోనే ఒక మందపాటి అట్టముక్క. దాని మీద మీ పేరు, జబ్బులు, వాడే మందుల పేర్లు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్లు రెండు, పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. మీ చేతిరాత అందంగానే ఉంటుంది కానీ అచ్చక్షరాలతో రాయండి, 108లో వచ్చేవాళ్లు ఒక్క చూపులో చదవాలి. ఫోన్ లాక్ అయి ఉంటే అది ఎవరికీ పనికిరాదు. లాక్ మీదే అత్యవసర నంబర్ కనిపించే ఏర్పాటు ఉంటుంది, మనవళ్లతో పెట్టించుకోండి.

ఇన్సులిన్ పెన్ను వాడుతున్నట్లయితే మే నెలలో స్కూటర్ డిక్కీలో మాత్రం పెట్టకండి. ఆ వేడికి మందు శక్తి పోతుంది.

ప్రశ్న: కర్నూలు. మా బాబు నాలుగో తరగతి. బ్యాగు ఎత్తితే నాకే బరువనిపిస్తోంది. ఎంత ఉండాలి?

జవాబు: కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం పిల్లాడి బరువులో పదో వంతు దాటకూడదు. మూడు నుంచి ఐదో తరగతి దాకా 1.7 నుంచి 2.5 కిలోలు. దగ్గర్లో కిరాణా కొట్టులో తూకం వేయించి, ఆ కాగితంతో టీచర్‌ని కలవండి, అప్పుడు మాటకి బలం ఉంటుంది. లీటరు నీళ్ల సీసా ఒక్కటే కిలో. స్కూల్లో మంచినీళ్లుంటే సగం నింపి పంపండి. బరువైన పుస్తకం వీపుకి ఆనేలా పెట్టాలి, బ్యాగు నడుం కిందికి వేలాడకూడదు. టైంటేబుల్ చూసి రాత్రే బాబు చేతే సర్దించండి, మీరు సర్దకండి. లేకపోతే ఏది ఎక్కడుందో వాడికి తెలియక పుస్తకాలన్నీ మోసుకెళ్తాడు.

ప్రశ్న: పది రూపాయల నాణేలు ఎవరూ తీసుకోవడం లేదు. పర్సు బరువెక్కుతోంది. ఏం చేయాలి? (సూర్యాపేట నుంచి ఒక గృహిణి)

జవాబు: అవి చెల్లుతాయమ్మా. పది రూపాయల నాణెం 14 రకాల డిజైన్లలో వచ్చిందని, అన్నీ చెల్లుబాటేనని రిజర్వు బ్యాంకు 2018లోనే ప్రకటించింది. రూపాయి గుర్తు లేదనో, గీతలు తక్కువున్నాయనో కాదంటే ఒప్పుకోకండి. వాటిని పర్సులో మొయ్యకుండా ఇంట్లో గుమ్మం పక్కన మూత డబ్బాలో వేయండి. బస్సెక్కే రోజు ఒక నాలుగు తీసి పట్టుకెళ్లండి, చిల్లర ఇచ్చిన ప్రయాణికుణ్ని కండక్టర్ సంతోషంగా చూస్తాడు. మిగిలినవి బ్యాంకులో వేసుకోవచ్చు, డిపాజిట్‌గా తీసుకోవాల్సిందే. వందేసి నాణేలు కట్టలుగా కట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇస్తే కౌంటర్లో పని తొందరగా అవుతుంది.