కోఠీ రెసిడెన్సీ మీద రాసిన అమ్మాయికి

అమ్మా,

ఆశీస్సులు. నిజాం కొలువులో కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) ప్రతినిధిగా ఉండే రెసిడెంటు కోసం హైదరాబాదులో కట్టిన కోఠీ రెసిడెన్సీ మీద మీరు పంపిన వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది. అయితే మొదటి పేజీలో ఆ భవనాన్ని ‘హైదరాబాదు వైట్‌హౌస్’ అన్నారు, రెండో పేజీలో ‘దక్కను తాజ్‌మహల్’ అన్నారు, చివరి పేజీ దాకా వెతికినా దాన్ని దేనితో కట్టారో ఒక్క మాట కనబడలేదు. ఈ ఉత్తరానికి కారణం అదే.

అప్పటి రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, ఆయన పెళ్లాడిన హైదరాబాదు యువతి ఖైరున్నీసాల ప్రేమకథకే సగం వ్యాసం ఇచ్చారు. ఆ కథ అబద్ధమని నేననను. కానీ 1798లో నిజాం కొలువులోని ఫ్రెంచి పటాలాలను రద్దు చేయించిందీ, 1800 ఒప్పందంతో బళ్లారి, అనంతపురం, కడప సీమలను కుంపిణీకి రాయించిందీ ఆ కిర్క్‌పాట్రిక్కే. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే మూసీ ఉత్తరపు గట్టున, నిజాం సొమ్ముతోనే, ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియోను అనుసరించి ఇంగ్లండు దొరలు కట్టుకునే పద్ధతిలో ఈ మేడ లేచింది. ముంగిట సింహాలు, వెడల్పాటి మెట్లు, ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, వాటిపైన త్రికోణంలో కుంపిణీ రాజముద్ర. కడప జిల్లాలో పుట్టినవాణ్ని గనుక నాకు ఆ ముద్ర కింద అలా రాయించుకున్న దత్తమండలాలే కనిపిస్తాయి. ముసలాయన పిచ్చి అనుకున్నా సరే, డబ్బు ఎవరిది, అధికారం ఎవరిది అని అడగకుండా భవనం గురించి రాయకూడదనే నేను చెబుతాను.

ఇక కట్టుబడి సంగతి. దూరానికి రాయిలా కనబడే ఆ స్తంభాలు ఇటుకతో కట్టి, పైన సున్నపు గార పూసి నునుపు తేల్చినవి. నమూనా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంటు శామ్యూల్ రస్సెల్. నిలబెట్టింది పేర్లు తెలియని తాపీమేస్త్రీలు, సున్నం రుబ్బిన కూలీలు. ఆ భవనం మహిళా కళాశాలగా ఉండగా మీ అమ్మగారు అక్కడ చదువుకునే రోజుల్లో పైకప్పు పెచ్చు ఊడి జవాబుపత్రం మీద పడిందన్న వాక్యం నన్ను నిజంగా కదిలించింది. దాన్ని కుండలీకరణాల్లో పెట్టి దాటేశారేమిటమ్మా? వ్యాసం అక్కడే మొదలు కావాలి. సున్నపు గోడ తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. అలాంటి గోడకు సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని గారను ఇటుక నుంచి వదులు చేస్తుంది. రక్షిత కట్టడమని బోర్డు పెట్టినంతమాత్రాన వాన నీరు ఆగదు. 2002లో పాత కట్టడాలను కాపాడే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తన ప్రమాద జాబితాలో ఈ భవనాన్ని ఊరికే చేర్చలేదు.

ప్రూఫులు దిద్దుకుని బతికే రోజుల్లో ఇదే భవనం మీద రాత్రిళ్లు కూర్చుని ఒక వ్యాసం రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు ఇటుక, సున్నం, ఒప్పందం ఉన్న పేరాలన్నీ కొట్టేసి, ప్రేమ మాత్రం మిగిల్చి, ‘ప్రణయసౌధం’ అని పేరు పెట్టి వేశాడు. పారితోషికం ఇప్పటికీ రాలేదు. ఈ రోజుల్లో పాత కట్టడాల మీద వస్తున్న వ్యాసాలన్నీ ఆయనే రాస్తున్నట్టుంటాయి: గతవైభవం, మౌనసాక్షి, కాలగర్భం.

పోనీ, ప్రేమకథనైనా సరిగా చూశారా? ఆ మేడ పూర్తికాకముందే, 1805లో, కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో పోయాడు. ఖైరున్నీసా ఉన్నది ఆవరణలోని రంగమహల్ అనే జనానాలో. దాన్ని తర్వాతి రెసిడెంటొకరు కూలగొట్టించాడు. మీరు వెన్నెల్లో మెట్లు దిగించిన జంట ఆ మేడలో కాపురమే చేయలేదు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో రెసిడెన్సీ మీద జరిగిన దాడిని ఒక్క వాక్యంలో ముగించారు. ఆ భయంతోనే తర్వాత ప్రహరీని బలపరిచి బురుజులు కట్టారు. తోటలో నిలిచిన దొరల మేడ కోటగా మారింది. వాస్తుచరిత్ర అంటే అదే కదా.

మీరడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం. 1949 నుంచి మహిళా కళాశాల నడిచిన ఆ చోటికి మీ అమ్మగారిని వెంటబెట్టుకుని వెళ్లండి. ఏ గదిలో కూర్చున్నారో, పెచ్చు ఏ మూల నుంచి పడిందో అడిగి రాసుకోండి. టేపు తీసుకెళ్లి స్తంభం చుట్టుకొలత తీయండి. ప్రేమకథను ఒక పేజీకి కుదించి, వ్యాసం తిరగరాసి పంపండి. కాగితానికి ఒకవైపే రాయండి, రెండో వైపు నాకు దిద్దుబాట్లకు కావాలి.