బెంజీన్ బొమ్మ వెనక ఆవిడ

చిరంజీవికి ఆశీస్సులు.

స్ఫటికాల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త కాథ్లీన్ లాన్స్‌డేల్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మన ఇంటర్ పిల్లలు నోటు పుస్తకాల్లో గీసే ఆ ఆరు కోణాల బెంజీన్ బొమ్మ వెనక ఒక ఆడమనిషి కష్టం ఉందని చెప్పాలనిపించింది చూశావూ, అది మంచి బుద్ధి. అచ్చుకి పంపే ముందు మాత్రం కొన్ని చోట్ల మళ్లీ రాయాలి.

మొదటి పేజీలోనే ‘తొలి మహిళ’ అన్న మాట ఏడుసార్లు వచ్చింది. 1949లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ప్రొఫెసర్ అయింది, 1956లో డేమ్ బిరుదు (మగవాళ్ల ‘సర్’ లాంటిది) వచ్చింది, 1968లో బ్రిటిష్ అసోసియేషన్ అనే శాస్త్ర సంఘానికి అధ్యక్షురాలైంది. అన్నీ నిజమే. కానీ పదవులు వరసపెట్టి చదువుతుంటే సన్మాన పత్రం విన్నట్టుంటుంది, మనిషి కనపడదు. అవన్నీ ఒక పేరాలోకి కుదించి చివరికి తోసెయ్. రాయల్ సొసైటీ సంగతి ఒక్కటీ ముందే ఉండనివ్వు. బ్రిటన్ శాస్త్రవేత్తల ఆ సంస్థ 1660లో పుట్టింది. మొదటిసారి ఆడవాళ్లని సభ్యులుగా ఎన్నుకున్నది 1945లో, ఆ ఇద్దరిలో ఈవిడ ఒకరు. రెండు సంవత్సరాలూ పక్కపక్కన పెట్టు, తీసివేత చదివేవాళ్లే చేసుకుంటారు.

నాకు బాధనిపించింది ఎక్కడంటే, ఆవిడ చేసిన పనిని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. ‘ఎక్స్‌రేలతో బెంజీన్ నిర్మాణాన్ని కనిపెట్టింది’ అంటే ఎవరికేం అర్థమవుతుంది? అప్పటికి ఏది తెలియలేదో ముందు చెప్పాలి. బెంజీన్‌లో ఆరు కార్బన్లు వలయంగా ఉంటాయని జర్మన్ రసాయన శాస్త్రవేత్త కెకూలే 1865లోనే అన్నాడు. ఆ వలయం పళ్లెంలా చదునుగా ఉందా, వజ్రంలో కార్బన్లలాగా ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉందా? అది తేలలేదు. ఆవిడ గురువు విలియం బ్రాగ్ రెండోదే అనుకునేవారు. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉన్నప్పుడు ఇన్‌గోల్డ్ అనే ప్రొఫెసర్ ఆవిడకి హెక్సామిథైల్ బెంజీన్ (బెంజీన్ వలయానికి ఆరు మిథైల్ గుంపులు తగిలించిన పదార్థం) స్ఫటికాలు ఇచ్చారు. స్ఫటికం మీదికి ఎక్స్‌రేలు పంపితే కొన్ని దిక్కుల్లో గట్టిగా, కొన్ని దిక్కుల్లో బలహీనంగా చెదిరి వస్తాయి. ఆ తేడాలు కొలవాలి. పరమాణువులు ఎలా అమరి ఉంటే సరిగ్గా ఇలా చెదురుతాయో వెనక్కి లెక్కగట్టాలి. కంప్యూటర్లు లేని రోజులు. చేత్తో చేసిన లెక్కలు, పేజీల కొద్దీ. 1929లో తేల్చి చెప్పింది: వలయం చదునుగా ఉంది. గురువు అనుకున్నది తప్పని శిష్యురాలి లెక్క చూపించింది. నీ వ్యాసంలో సగం ఇక్కడే ఉండాలమ్మా.

ఆడపిల్లల చదువు మీద నువ్వు రాసిన ఆవేశం నాకు నచ్చింది. ఆ కోపం నాకూ ఉంది, ఈ వయసులోనూ చల్లారలేదు. కానీ రెండు పేరాల ఉపన్యాసం కన్నా ఆవిడ స్కూలు టైమ్‌టేబుల్ ఎక్కువ మాట్లాడుతుంది. ఇల్‌ఫర్డ్‌లో ఆవిడ చదివిన ఆడపిల్లల హైస్కూల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, పైస్థాయి లెక్కలు చెప్పేవాళ్లు లేరు. వాటి కోసం మగపిల్లల స్కూలుకి వెళ్లింది, అలా వెళ్లిన ఆడపిల్ల ఆవిడ ఒక్కతే. ఆ క్లాసు గుమ్మం దగ్గర కాసేపు ఆగు. ఆవిడ మనసులో ఏమనుకుందో మాత్రం కల్పించకు. ఆ గది, ఆ మగపిల్లలు, ఆ ఒక్క పిల్ల, చాలు.

పెళ్లయ్యాక సంగతి నువ్వు ‘ఇల్లూ పరిశోధనా రెండూ అవలీలగా నడిపింది’ అని రాశావు. ఆ ‘అవలీలగా’ కొట్టెయ్. అది చదివే ఆడవాళ్లకి అన్యాయం చేస్తుంది. ఇక పరిశోధన మానేసి ఇల్లు చూసుకుందామా అని ఆవిడ ఊగిసలాడినప్పుడు, భర్త థామస్ తాను జీతం లేని పనిమనిషి కోసం పెళ్లి చేసుకోలేదన్నాడు. తర్వాత ముగ్గురు పిల్లలు. ఇంట్లో కూర్చుని చేయగల లెక్కలు అప్పుడు పెట్టుకుంది. ముసలితనంలో ఆవిడే రాసింది: పిల్లల తల్లి మంచి శాస్త్రవేత్త కావాలంటే సరైన భర్త దొరకాలి, కష్టం పంచుకోవాలి, తను చాలా తక్కువ నిద్రతో సరిపెట్టుకోగలగాలి అని. ఆ నిద్ర మాట వదలకు.

జైలు సంగతి నువ్వు సినిమాలా రాశావు. అంత అక్కర్లేదు. ఆవిడ క్వేకర్ అనే క్రైస్తవ శాఖ మనిషి, యుద్ధానికి వ్యతిరేకి. చిన్నపిల్లల తల్లి కాబట్టి పేరు నమోదు చేసుకున్నా పౌర రక్షణ డ్యూటీ పడేది కాదు. అయినా నమోదు చేసుకోలేదు. రెండు పౌండ్ల జరిమానా కట్టనంది. 1943లో నెల రోజులు లండన్‌లోని హాలోవే జైల్లో ఉంది. రెండు పౌండ్లు! ఆ అంకె చెబితే నీ విశేషణాలు ఒక్కటీ అక్కర్లేదు. బయటికొచ్చాక జైళ్ల సంస్కరణ కోసం పనిచేసింది, అది నీ వ్యాసంలో అసలు లేదు.

శీర్షికలో ‘ఐర్లండ్ ఆడపడుచు’ అన్నావు. బాగుంది. కిల్డేర్ కౌంటీలోని న్యూబ్రిడ్జ్‌లో 1903లో పుట్టింది, పదిమంది పిల్లల్లో ఆఖరిది. ఐదేళ్లప్పుడు తల్లి పిల్లల్ని తీసుకుని ఇంగ్లండ్ వచ్చేసింది. ఆ సంగతి కూడా రాయి, దాస్తే రేపు ఎవరో ఒకరు ఎత్తి చూపుతారు.

ఇంకొకటి. హెక్సామిథైల్ బెంజీన్ అని రాయాల్సిన చోట రెండుసార్లు ‘హెక్సాక్లోరో’ అని పడింది. అది ఆవిడ 1931లో చేసిన వేరే పని. సరిచేసి, కొత్త ప్రతి దసరాలోపు పంపు. కళ్లద్దాలు మార్పించుకున్నాను, ఎంత పెద్దదైనా చదువుతాను.