ముందు ఆ టైం టేబుల్ తీసేయ్

చిరంజీవి అమ్మలూకి పెదనాన్న ఆశీస్సులు.

మన తెలంగాణ గ్రూప్-2 ఉద్యోగాల పరీక్షకి చదవడానికని నువ్వు వేసుకుని, వాట్సాప్‌లో పంపిన టైం టేబుల్ చూశాను. సబ్జెక్టుకో రంగు స్కెచ్ పెన్ను, పొద్దున నాలుగింటి నుంచి రాత్రి పదకొండింటి దాకా ఊపిరి తీసుకునే సందు కూడా లేదు. నాలుగో రోజుకే అది మూలపడిందని, నీ మీద నీకే చిరాకేస్తోందని రాశావు. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇలాంటివి చాలా వేశారమ్మా. వాళ్లలో ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు మొదటి నెలలోనే దాన్ని పక్కన పడేశారు.

ముందు నాలుగింటికి లేవడం మానెయ్. మీ అశోక్‌నగర్ హాస్టల్లో గదికి ముగ్గురు, మిగతా ఇద్దరూ పన్నెండు దాకా లైటు తీయరంటున్నావు. అప్పుడు పడుకుని నాలుగింటికి లేస్తే, పదింటికి చిక్కడపల్లి లైబ్రరీలో పుస్తకం మీదే తూగుతావు. పొద్దున్నే పరుగెత్తి సీటు పట్టుకునేది అందుకా? లేచే టైం సంగతి వదిలేసి, పడుకునే టైం ఒక్కటి గట్టిగా పట్టుకో. పెద్దమ్మ పంపిన సకినాలు ఉన్నాయిగా, వాళ్లిద్దరికీ పెట్టి, పదకొండున్నరకి లైటు తీసేద్దామని అడుగు. యూట్యూబ్‌లో టాపర్లు చెప్పేవన్నీ ర్యాంకు వచ్చాక చెప్పే మాటలు. వాళ్లు మధ్యాహ్నం తీసిన కునుకులు వీడియోలో ఉండవు.

ఇక అలవాటు సంగతి. "రోజూ పొద్దున పాలిటీ చదవాలి" అనుకుంటే కుదరదు. బాత్రూం దగ్గర క్యూ, తర్వాత టిఫిన్, ఆ తర్వాత ఎవరిదో ఫోను, ఈలోపు పొద్దెక్కిపోతుంది. నువ్వు ఏ రోజూ మానని పని ఒకటుంది కదా, టీ. కొత్త పనిని దానికి ముడిపెట్టు. గ్లాసు కింద పెట్టగానే పుస్తకం తెరవాలి, అంతే. ఆ పుస్తకాన్ని రాత్రే, చదవాల్సిన పేజీలో పెన్ను పెట్టి, దిండు పక్కన ఉంచుకో. ఏం చదవాలా అని పొద్దున్నే వెతుక్కునే పని పెట్టుకున్నావా, చెయ్యి ఫోన్ మీదకే పోతుంది.

మోతాదు చిన్నది పెట్టుకో. పాలిటీలో రాజ్యాంగమే తీసుకో, ప్రాథమిక హక్కులు ఆర్టికల్ 12 నుంచి 35 దాకా ఉన్నాయి. ఒక్క పూటలో మింగేద్దామని చూడకు. రోజుకు రెండు ఆర్టికల్స్, వాటి మీద పాత పేపర్లలోంచి నాలుగు బిట్లు. జ్వరం వచ్చిన రోజు కూడా చేయగలిగేంత ఉండాలి. ఊపు మీద ఉన్న రోజు పది చదువుకో, ఎవరొద్దన్నారు? కానీ రేపటి నుంచి రోజూ పదే అని కోటా పెంచకు. నేను చూసినంతలో చాలామంది బోల్తాపడేది సరిగ్గా ఇక్కడే.

ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందని మీ కోచింగ్ సార్ చెప్పాడన్నావు. 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ అయినవాళ్లు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం ఇరవై ఒక్క రోజులు పడుతోందని రాశాడు. చెప్పుకోగా చెప్పుకోగా ఆ 'కనీసం' కాస్తా ఎగిరిపోయింది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందిని పన్నెండు వారాల పాటు పరిశీలిస్తే, అటూ ఇటూగా 66 రోజులు అని తేలింది. త్వరగా అలవాటు పడినవాళ్లకి 18, నిదానస్తులకి 254 దాకా పట్టవచ్చని అంచనా. అందులో నీకు పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. మధ్యలో ఒక రోజు తప్పిపోయినా పెద్ద తేడా రాలేదట.

మీ నానమ్మ పాల లెక్క గుర్తుందా? కిరాణా కొట్టువాళ్లిచ్చిన క్యాలెండర్‌లో పాలు పోసిన రోజు టిక్కు, పోయని రోజు సున్నా. సున్నా పడిందని పాలు మాన్పించలేదు కదా! నువ్వూ అలాగే రాసుకో. బతుకమ్మకి ఊరొస్తే ఎలాగూ నాలుగైదు సున్నాలు పడతాయి. తిరిగి వెళ్లిన మర్నాడు మాత్రం టిక్కు పడాలి. పోయిన రోజుల బాకీ ఒకేసారి తీరుద్దామని కూర్చోకు.

ఫోను రాత్రి తలుపు దగ్గర ఛార్జింగ్‌లో పెట్టు. అలారం కోసం విడిగా గడియారం కొనుక్కో. టెలిగ్రామ్‌లో పోగేసిన పీడీఎఫ్‌లు చదివినట్టు లెక్క కాదు, ఆ గ్రూపుల్లోంచి సగం బయటికి రా. సాయంత్రం కాసేపు నడువు, టైంకి తిను. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఒక్క విషయంలో మాత్రం చిన్న మోతాదు పనికిరాదు. గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కొక్కటి 150 మార్కులు, రెండున్నర గంటలు. అంతసేపు లేవకుండా కూర్చోవడం కూడా అలవాటు కావాలి. ప్రతి ఆదివారం పొద్దున ఒక మాక్ టెస్ట్ లైబ్రరీలోనే రాయి, మధ్యలో నీళ్లకి కూడా లేవకు. మార్కులు నాకు పంపక్కర్లేదు. తప్పిన బిట్లు ఫొటో తీసి పంపు. రీజనింగ్, డేటా ఇంటర్‌ప్రిటేషన్ అయితే అదే సాయంత్రం ఫోన్లో ఇద్దరం కలిసి చేద్దాం.

ఇట్లు
మీ పెదనాన్న