బెల్లం గోడౌన్‌ను ఐదు పోర్షన్లు చేయొచ్చా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. టీచర్‌గా రిటైరయ్యాను. నెలకు 46 వేలు పెన్షన్ వస్తుంది. రిటైర్‌మెంట్ డబ్బు 42 లక్షలు బ్యాంకులో ఉంది. చిత్తూరులో మా నాయన కట్టించిన బెల్లం గోడౌన్ ఉంది. 40 అడుగుల వెడల్పు, 75 అడుగుల పొడవు, పైన రేకులు. ఒక వ్యాపారి నెలకు 9 వేలు అద్దె ఇస్తున్నాడు. దాన్ని ఐదు పోర్షన్లుగా మారిస్తే ఒక్కోటి 8 వేలకు పోతుందని, చదరపు అడుగుకు 1,100 చొప్పున 33 లక్షల్లో అయిపోతుందని మేస్త్రీ అంటున్నాడు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయీ చేసేయమంటున్నాడు. ఇంకొకాయన కోటీ పది లక్షలకు కొంటానంటున్నాడు. తమ్ముడికి, చెల్లెలికి కూడా ఇందులో భాగం ఉంది. ఏం చేయమంటారు?

సార్, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర్లో రాశారు. తమ్ముడికి, చెల్లెలికి భాగం ఉన్న ఆస్తి మీద మీ రిటైర్‌మెంట్ డబ్బు ఒక్క రూపాయి కూడా పెట్టకండి. రేపు పంపకాల దగ్గర కూర్చున్నప్పుడు మీరు పెట్టిన 33 లక్షలకు లెక్క ఎవరు చెబుతారు? ముందు భాగ పరిష్కార దస్తావేజో, వాళ్ల నుంచి హక్కు విడుదల దస్తావేజో రిజిస్టర్ కావాలి. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే పత్రం, తీయించండి. 1983 నుంచి ఉన్న వివరాలు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. మీ నాయనగారు దాని మీద ఎప్పుడైనా అప్పు తెచ్చి ఉంటే, తీర్చేసినా సరే, ఎంట్రీ మిగిలిపోయి ఉండొచ్చు.

ఇక మేస్త్రీ లెక్క. నెలకు 40 వేలంటే ఏడాదికి 4.8 లక్షలు. వినడానికి బాగానే ఉంది. ఏడాదికి ఒక నెల ఖాళీ తీసేయండి, 4.4 లక్షలు. ఇంటి పన్ను, మోటారు రిపేర్లు, మనిషి మారినప్పుడల్లా సున్నాలు, వీటికి 50 వేలు పోతే 3.9 లక్షలు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ గోడౌన్ ఇప్పుడే మీకు ఏడాదికి 1.08 లక్షలు తెచ్చిపెడుతోంది, పోర్షన్లు కడితే ఆ అద్దె పోతుంది. కాబట్టి మీ పెట్టుబడి కొత్తగా సంపాదించేది 2.82 లక్షలే.

పెట్టుబడైనా 33 లక్షలతో ఆగదు. ప్లాన్, స్ట్రక్చరల్ ఇంజినీర్ ఫీజు, డ్రైనేజీ, సంపు, ఐదు కరెంటు మీటర్లు, ఇవేవీ ఆ 1,100లో లేవు. చిత్తూరు ఎండలకు రేకుల కింద 8 వేలు ఇచ్చి ఎవరుంటారు? స్లాబు వేయాలి. గోడౌన్ గోడలు రేకులను మోయడానికి కట్టినవి, స్లాబును మోయడానికి కాదు. పిల్లర్లు లేపాలి, అంటే పాత గోడల మధ్య కొత్త ఇల్లు కట్టినట్టే. 45 లక్షలు అనుకుందాం. 2.82 లక్షలంటే దాని మీద ఆరుంబావు శాతం. మీ దగ్గర ఉన్నది 42 లక్షలే.

అదీ ఐదు పోర్షన్లు వస్తేనే. మీ గోడౌన్‌కు మూడు వైపులా పక్కవాళ్ల గోడలు ఆనుకుని లేవు కదా? ఉంటే కిటికీలు వీధి వైపే వస్తాయి. గది 9.5 చదరపు మీటర్లకు, ఎత్తు 2.75 మీటర్లకు తగ్గకూడదని జాతీయ భవన నిర్మాణ కోడ్ చెబుతుంది. మీకు స్థలానికి, ఎత్తుకు లోటు లేదు, లోటంతా గాలీ వెలుతురులకే. ఇంగ్లండ్‌లో 2013లో పూర్తి స్థాయి ప్లానింగ్ అనుమతి లేకుండానే ఆఫీసులను ఇళ్లుగా మార్చుకోనిచ్చారు. కిటికీల్లేని గదులు పుట్టుకొచ్చాయి. చివరికి 2020లో, మనిషి ఉండే ప్రతి గదికీ సహజ వెలుతురు ఉండాలని రూలు పెట్టాల్సి వచ్చింది. మన దగ్గర రూలు సంగతి తర్వాత, చీకటి పోర్షన్‌లో చేరిన కుటుంబం మూడో నెలకే ఇంకో ఇల్లు వెతుక్కుంటుంది. అందుకే నడిమిట్లో కొంత జాగా పైకప్పు లేకుండా వదలాలి. అప్పుడు మూడు పోర్షన్లకంటే రావు.

మూడు పోర్షన్లకు 30 లక్షలు ఖర్చు పెట్టారనుకోండి. పదకొండు నెలల అద్దె 2.64 లక్షలు, ఖర్చులు 40 వేలు పోతే మిగిలేది 2.24 లక్షలు. అదే 30 లక్షలు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేస్తే, 2023 ఏప్రిల్ నుంచి ఇస్తున్న 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. ఏడాదికి 2.46 లక్షలు. గోడౌన్ అద్దె 1.08 లక్షలు ఎటూ వస్తూనే ఉంటుంది. మొత్తం 3.54 లక్షలు, పైగా ఐదేళ్ల తర్వాత అసలు చేతికొస్తుంది. గోడల్లో పోసిన డబ్బు అలా రాదు.

అద్దెలు ఏటా పెరుగుతాయి, స్కీమ్ వడ్డీ పెరగదు అంటారు మీ అబ్బాయి. నిజమే. మీకు 40 ఏళ్లుండి, జీతం వస్తుంటే నా జవాబు వేరుగా ఉండేదేమో. అద్దె ఆదాయంలో 30 శాతానికి పన్ను ఉండదనీ ఎవరో ఒకరు చెబుతారు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేట్ ఉంది. మీ పెన్షన్, స్కీమ్ వడ్డీ, గోడౌన్ అద్దె అన్నీ కలిపినా 9 లక్షల చిల్లరే. కట్టే పన్నే లేనప్పుడు ఆ మినహాయింపుతో మీకు ఒరిగేదేమీ లేదు.

అబ్బాయికి అంత పట్టుదలగా ఉంటే లోన్ తను కూడా కలిసి తీసుకోమనండి. నివాసానికి ప్లాన్ అప్రూవల్ ఉంటేనే బ్యాంకు హోమ్ లోన్ ఇస్తుంది. లేకపోతే ఆస్తి తాకట్టు లోన్ కింద పెడుతుంది, వడ్డీ ఎక్కువ. ప్లాన్ కార్పొరేషన్‌లో పాస్ కావాలి, ఇంటి పన్ను నివాసం కిందికి మారాలి, కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్‌లో మీటర్లు గృహ వినియోగం కేటగిరీలోకి రావాలి. రేకులు ఆస్బెస్టాస్‌వైతే సుత్తితో పగలగొట్టనివ్వకండి. తడిపి, బోల్టులు విప్పి, నిండు రేకులుగా దించాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం.

అమ్మకం చెడ్డ ఆలోచనేమీ కాదు, ముగ్గురూ ఒప్పుకుంటే. లాభం మీద పన్ను కట్టాలి. గోడౌన్ 2001కి ముందు కట్టిందైతే, ఆ లాభం లెక్కకు 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు, కాకపోతే ఆనాటి రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు. పన్ను లాభం మీద 12.5 శాతం, లేదా ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం, ఏది తక్కువైతే అది. ముగ్గురూ ఎవరి భాగం లాభాన్ని వాళ్లు, 50 లక్షల దాకా, ఆరు నెలల్లోపు ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లలో పెడితే ఆ మేరకు పన్ను ఉండదు. డబ్బు ఐదేళ్లు కదలదు. ఇల్లు కొని పన్ను తప్పించుకోవాలంటే మాత్రం, అమ్మింది ఇల్లు కాదు గోడౌన్ కాబట్టి, లాభం ఒక్కటే పెడితే సరిపోదు. వచ్చిన మొత్తమంతా పెట్టాలి. 12 లక్షల రిబేట్ ఈ లాభానికి వర్తించదు. ఆడిటర్‌ను ముందే కలవండి.

నా మాట వింటే ఇప్పటికి 30 లక్షలు స్కీమ్‌లో వేయండి. మిగతా 12 లక్షలు ఆరోగ్యం కోసం, ఇంటి అవసరాల కోసం డిపాజిట్‌లో ఉంచండి. వ్యాపారిని కూర్చోబెట్టి, రేకులు బాగు చేయిస్తే అద్దె ఎంత పెంచుతాడో అడగండి. కొంటానన్నాయన దగ్గర మాత్రం తమ్ముడు, చెల్లెలు సంతకం పెట్టేదాకా అడ్వాన్స్ తీసుకోకండి, టోకెన్ కింద పది వేలిచ్చినా సరే.