ఎముక విరగలేదు సరే, ఎందుకు పడ్డారు?

ప్రశ్న: మా అమ్మకు 79 ఏళ్లు. పది రోజుల కిందట తెల్లవారుజామున బాత్రూముకని లేచి పడిపోయింది. అత్యవసర విభాగంలో ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదని పంపేశారు. అప్పటినుంచి గోడ పట్టుకుంటే తప్ప నడవలేకపోతోంది. వయసు మీద పడిందంటున్నారు అందరూ. మళ్లీ చూపించాలా?

జవాబు: తప్పకుండా చూపించాలి. ‘వయసు మీద పడింది’ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పది రోజుల్లో పడే వయసు ఏమిటండీ అది!

ముందు తుంటి సంగతి. అక్కడి సన్నని పగుళ్లు కొన్ని తొలి ఎక్స్‌రేలో దొరకవు. కాలు మోపితే గజ్జల్లో నొప్పి వస్తుంటే నడిపించకుండా ఈరోజే తీసుకెళ్లి, సీటీ గానీ ఎంఆర్ఐ గానీ అవసరమేమో అడగండి. మగతగా ఉన్నా, మాట తడబడుతున్నా, తలనొప్పి పెరుగుతున్నా అంతే తొందర. తలలో మెల్లగా చేరే రక్తం వారాల తర్వాత కూడా బయటపడుతుంది. రక్తం పలచబరిచే మందులు వాడేవారికి ఆ ముప్పు మరీ ఎక్కువ.

ఇక, లేచీ లేవగానే పడ్డారన్నారు చూశారా, డాక్టరుకు చెప్పాల్సిన మొదటి మాట అదే. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మళ్లీ బీపీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే కారణం చాలావరకు చిక్కినట్టే. బీపీ మాత్రలు, నిద్రమాత్రలు, జలుబుకని దుకాణంలో అడిగి కొన్నవి, అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి.

పెద్దల బలహీనతను 1 నుంచి 9 వరకు అంచనా వేసే కొలమానం ఒకటుంది. అందులో లెక్కలోకి తీసుకునేది మంచం మీద కనిపిస్తున్న మనిషిని కాదు, జబ్బుపడడానికి రెండు వారాల ముందరి మనిషిని. అది చెప్పగలిగింది మీరే. ‘బాగానే ఉండేది’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచేవారా? స్నానం తనే చేసేవారా? బట్టలు వదులయ్యాయా? ఈ ఏడాదిలో ఇంతకుముందు పడ్డారా? చాలామంది పెద్దలు పడిన సంగతి పిల్లల దగ్గర దాస్తారు, కాబట్టి మెల్లగా అడగండి. పడ్డాక ఎంతసేపు నేలమీదే ఉండిపోయారో కూడా చెప్పండి. గంట దాటితే కండరాలు దెబ్బతిని, ఆ ప్రభావం మూత్రపిండాల మీద పడవచ్చు.

పగులు లేదని తేలాక మంచానికే పరిమితం చేయకండి. ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో ఆ రోజునుంచే నడిపించండి, కింద పడితే లేచే పద్ధతి కూడా నేర్పించమనండి.